రక్తనాళాల్లోని కండరం అలసిపోకుండా ఎలా బిగిసి ఉంటుంది?

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి సులువుగా ఉంటుంది. ధమనుల గోడల్లోని నునుపు కండరం రాత్రీ పగలూ ఎంతో కొంత బిగువులోనే ఉంటుందని చదివారు. నిండు బకెట్ పట్టుకుని కాసేపు నిలబడితేనే చెయ్యి లాగేస్తుంది కదా, మరి ఆ కండరం ఎందుకు అలసిపోదు అన్నది మొదటి సందేహం. ఆక్సిజన్ బాగా అందుతున్నా అది లాక్టేట్ (గ్లూకోజ్ పూర్తిగా కాలకుండా సగంలో ఆగితే మిగిలేది) తయారుచేస్తుందట, ఎందుకని అన్నది రెండోది. మీ నాన్నగారు బీపీకి వేసుకునే అమ్లోడిపిన్ కాల్షియాన్ని అడ్డుకుంటుంది కాబట్టి కాళ్ళూ చేతులూ నీరసపడవా అన్నది మూడోది. వ్యాయామం చేస్తే ఈ కండరం కూడా పెరుగుతుందా అని చివర్లో ఒక చిన్న ప్రశ్న.

నేను ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి. ఎలుక మహాధమనిని సన్నని ఉంగరాల్లా కోసి, వాటి బిగువు కొలిచే పని చాలా ఏళ్ళు చేశాను. కాబట్టి ఈ జవాబులో పుస్తకాల్లోది కొంత, ప్రయోగశాల బల్ల దగ్గర చూసింది కొంత ఉంటుంది.

అసలు ఈ బిగువు ఎందుకు? ఏ అవయవానికి ఎంత రక్తం వెళ్ళాలో ఎక్కువగా తేల్చేవి పెద్ద ధమనులు కావు, కంటికి సరిగ్గా ఆనని ధమనికలు. గొట్టంలో ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. సందు సగమైతే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. అంత దూరం ఎందుకు, సందు పదో వంతు తగ్గినా నిరోధం ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే ఈ కండరం పెద్దగా కదలక్కర్లేదు, ఉన్నచోట గట్టిగా పట్టుకుని ఉంటే చాలు. పైగా సగం బిగిసి ఉంది కాబట్టే అవసరాన్ని బట్టి ఇంకా బిగియగలదు, వదులూ కాగలదు. పూర్తిగా సడలి ఉండేదైతే రక్తాన్ని ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి మళ్ళించే దారే ఉండదు. కేశనాళికల్లో ఈ కండరం లేదు. వాటికి రక్తం ఎంత అందాలో ముందున్న ధమనికలే చూసుకుంటాయి.

మైక్రోస్కోపు కింద ఈ కణాలు కదురు ఆకారంలో, మధ్యలో ఒకే కేంద్రకంతో, నాళం చుట్టూ చుట్టినట్టు కనిపిస్తాయి. చేతి కండరంలో ఉన్నట్టు అడ్డగీతలు ఉండవు. అక్కడ యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు వరుసలు తీరి ఉంటాయి; మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని లాగడమే బిగువు. ఇక్కడ యాక్టిన్ పోగులు కణం అంతటా చెదురుగా ఉన్న చిన్న చిన్న ముడులకీ, పొరకీ తగులుకుని ఉంటాయి. మయోసిన్ మాత్రం చేతి కండరంలో ఉన్నదానిలో ఐదో వంతుకి అటూఇటూగా ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, ఇంత తక్కువ మయోసిన్‌తోనూ కోత వైశాల్యం లెక్కన ఇది చూపించే బలం చేతి కండరానికి తీసిపోదు. ప్రతి మయోసిన్ తలా యాక్టిన్‌ను పట్టుకుంటే ఎక్కువసేపు వదలదు కాబట్టి, ఏ క్షణంలో చూసినా పట్టులో ఉన్న తలల వాటా ఎక్కువ. మీ మొదటి ప్రశ్నకి జవాబు సగం ఇక్కడే ఉంది.

మిగతా సగానికి కాల్షియం కథ కావాలి. చేతి కండరంలో మయోసిన్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, యాక్టిన్ మీద ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్ అనే అడ్డు ఉంటుంది. కాల్షియం వచ్చి ఆ అడ్డు తొలగిస్తే పని మొదలు. నునుపు కండరంలో ట్రోపోనిన్ లేదు. ఇక్కడ నిద్రపోయేది మయోసినే. దాన్ని లేపాలంటే దాని మెడ దగ్గరున్న చిన్న గొలుసుకి ఒక ఫాస్ఫేట్ తగిలించాలి. ఆ పని చేసే ఎంజైమ్ పేరు మయోసిన్ లైట్ చైన్ కైనేజ్. ఇక నుంచి కైనేజ్ అంటాను. నాలుగు కాల్షియం అయాన్లు కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌కి తగులుకుంటాయి, ఆ జంట వెళ్ళి కైనేజ్‌ను లేపుతుంది, కైనేజ్ మయోసిన్‌ను లేపుతుంది. ఇన్ని అంచెలు ఉన్నాయి కాబట్టే ఈ కండరం నింపాదిగా స్పందిస్తుంది. చేతి కండరం సెకనులో చిన్న భాగంలో బిగిసి వదిలేస్తే, ఇది ఒకసారి బిగిసి సడలడానికి సెకన్లు పడుతుంది. ఉంగరాలతో పనిచేసేటప్పుడు మందు వేశాక బిగువును చూపించే గీత నిదానంగా పైకెక్కి నిలబడటానికి నిమిషాలు పట్టేది. టీ తాగి వచ్చినా ఏమీ మిస్ అయ్యేవాళ్ళం కాదు.

కాల్షియం రెండు చోట్ల నుంచి వస్తుంది. బయటి ద్రవంలో కాల్షియం గాఢత, సడలి ఉన్న కణం లోపలికంటే దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. పొరలోని ఎల్-టైప్ చానెళ్ళు, అంటే పొర వోల్టేజ్ మారితే తెరుచుకునే కాల్షియం ద్వారాలు, తెరుచుకోగానే అది లోపలికి దూకుతుంది. రెండోది కణంలోపలి నిల్వ, అంటే సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్. ఈ రెండింటినీ విడదీసి చూపించే ప్రయోగం ఒకటి విద్యార్థులకి ఎప్పుడూ చేయించేవాణ్ణి. 37 డిగ్రీల దగ్గర ఉప్పు ద్రావణంలో, ఆక్సిజన్ బుడగల మధ్య ఉంగరాన్ని రెండు తీగలకి తగిలించి, ద్రావణంలోంచి కాల్షియం తీసేసి, నాళాన్ని బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ అనే మందు వేయాలి. గీత ఒక్కసారి పైకి లేచి వెంటనే కిందికి జారిపోతుంది. అది నిల్వలోని కాల్షియం పని. ఇప్పుడు ద్రావణంలో కాల్షియం కలిపితే గీత మళ్ళీ లేచి, ఈసారి దిగకుండా నిలబడుతుంది. ఎక్కువసేపు నిలిచే బిగువుకి బయటి కాల్షియం కావాలని ఇంతకంటే కళ్ళకు కట్టినట్టు చెప్పలేం.

ఇక అసలు సంగతికి వస్తాను. కాల్షియం పెరిగి, మయోసిన్‌కి ఫాస్ఫేట్ తగిలి, బిగువు వచ్చింది. ఆ బిగువు ఎంతసేపు ఉంటే అంతసేపూ ఫాస్ఫేట్ కూడా అంతే ఎత్తులో ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. 1981లో రిచర్డ్ మర్ఫీ బృందం పంది కెరోటిడ్ ధమని ముక్కల్లో కొలిచి చూస్తే అలా లేదు. మొదట్లో ఫాస్ఫేట్ సర్రున పెరిగి, తర్వాత బాగా తగ్గిపోయింది. కండరం కుదించుకునే వేగం కూడా దాంతో పాటే తగ్గింది. బిగువు మాత్రం దిగలేదు. ఈ స్థితికి వాళ్ళు పెట్టిన ‘లాచ్’ అనే పేరుకి తెలుగులో గడియ అనే మాట అతికినట్టు సరిపోతుంది. గాలికి తలుపు తెరుచుకోకుండా భుజంతో నెట్టి పట్టుకోవచ్చు, లేదా ఒకసారి నెట్టి గడియ పెట్టి వచ్చి కూర్చోవచ్చు. చేతి కండరం మొదటిదాన్ని చేస్తుంది, రక్తనాళం రెండోదాన్ని.

గడియ ఎలా పడుతుంది? 1988లో హై అనే పరిశోధకుడు, మర్ఫీ కలిసి ఇచ్చిన నమూనా ప్రకారం, యాక్టిన్‌ను పట్టుకుని ఉన్న మయోసిన్ తల నుంచి ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. ఫాస్ఫేట్ పోయినా తల వెంటనే విడిపోదు. అలాగే అతుక్కుని, చాలా నెమ్మదిగా ఊడుతుంది. అతుక్కున్నంతసేపూ బిగువును మోస్తుంది, కానీ కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీని కొత్తగా ఖర్చు చేయదు. మయోసిన్ తల యాక్టిన్‌ను పట్టుకుని, లాగి, వదిలే ప్రతి చక్రానికీ ఒక ఏటీపీ ఖర్చు. వదలడమే ఆలస్యమైతే చక్రాలు తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది. ఫిజియాలజీ పాఠ్యపుస్తకాలు ఇచ్చే అంచనా ప్రకారం, అంతే బిగువును నిలబెట్టడానికి నునుపు కండరానికి చేతి కండరం ఖర్చులో 10వ వంతు నుంచి 300వ వంతు వరకూ చాలు. కండరాన్ని బట్టి ఆ అంకె మారుతుంది, అందుకే అంత వెడల్పు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. గడియ పోలిక బాగుంది కానీ విద్యార్థులు దాన్ని మరీ అక్షరాలా తీసుకుంటారు. తలుపు గడియ ఒకసారి పడితే కాల్షియం అక్కర్లేదు, ఏటీపీ అక్కర్లేదు అనుకుంటారు. అది తప్పు. గడియ స్థితిలోనూ కాల్షియం మామూలు కంటే కొద్దిగా ఎక్కువే ఉండాలి, కైనేజ్, ఫాస్ఫటేజ్ రెండూ నడుస్తూనే ఉండాలి. ఒక పక్క నుంచి ఫాస్ఫేట్ తగిలిస్తుంటే ఇంకో పక్క నుంచి ఊడదీస్తుంటారు. ప్రతి తగిలింపుకీ ఒక ఏటీపీ వేరే ఖర్చు. కాబట్టి ఇది జీరో ఖర్చు కాదు, చవక. ఫాస్ఫేట్ లేని తలలు మళ్ళీ యాక్టిన్‌ను పట్టుకోగలవా, కాల్డెస్మాన్ వంటి ప్రోటీన్ల పాత్ర ఎంత అన్న వాదన ఈ రంగంలో చాలాకాలం నడిచింది. మీ స్థాయికి అది అక్కర్లేదు. తల వదలడం ఆలస్యం, అందుకే ఖర్చు తక్కువ అన్నది పట్టుకుంటే చాలు.

అలసట గురించి ఇంకొక్క మాట. చేతి కండరం అలసటలో ఫాస్ఫేట్ పేరుకుపోవడం, కాల్షియం విడుదల తగ్గడం లాంటివన్నీ ఖర్చు రాబడిని మించిపోవడం వల్ల వచ్చేవే. పైగా గట్టిగా బిగిసినప్పుడు ఆ కండరం తనకి వచ్చే రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. ధమనిలోని నునుపు కండరానికి ఆ చిక్కు తక్కువ. లోపలి పొరలు పక్కనే పారుతున్న రక్తం నుంచి ఆక్సిజన్ తీసుకుంటాయి. గోడ మరీ మందమైన పెద్ద ధమనుల్లో మాత్రం బయటి పొరలకి వేరే చిన్న నాళాలు ఉంటాయి.

ఇప్పుడు లాక్టేట్. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే. లాక్టేట్ అనగానే ఆక్సిజన్ చాలలేదు అనుకోవడం మనకి అలవాటు. ఉంగరాన్ని 95 శాతం ఆక్సిజన్‌లో ముంచి ఉంచినా అది తీసుకున్న గ్లూకోజ్‌లో పెద్ద వాటాను లాక్టేట్‌గానే బయటికి వదులుతుంది. గ్లూకోజ్‌ను మెట్లు మెట్లుగా విరిచి కొంచెం ఏటీపీ తీసే పనిని గ్లైకాలిసిస్ అంటారు, ఆక్సిజన్ ఉండగా జరిగే గ్లైకాలిసిస్ అంటే ఇదే. మొదట్లో దీన్ని చూసినవాళ్ళు కోయడంలో కణజాలం దెబ్బతిందేమో అని అనుమానించారు. దెబ్బ కాదు, అది ఈ కండరం స్వభావం.

ముందు ఒక లెక్క చేద్దాం, లేకపోతే తప్పు అర్థం వస్తుంది. మాటవరసకి 100 గ్లూకోజ్ అణువుల్లో 90 లాక్టేట్ అయ్యాయనుకోండి. ఒక్కోదానికి 2 ఏటీపీ చొప్పున 180 వస్తాయి. మిగిలిన 10 మైటోకాండ్రియాలో, అంటే ఆక్సిజన్‌తో ఇంధనాన్ని కాల్చే కణంలోపలి కొలుముల్లో, పూర్తిగా కాలితే ఒక్కోదానికి సుమారు 30 చొప్పున 300 వస్తాయి. లాక్టేట్ అంత కనిపిస్తున్నా ఏటీపీలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాదే. కొవ్వు ఆమ్లాలను కూడా కాలుస్తుంది కాబట్టి మైటోకాండ్రియా వాటా ఇంకా పెరుగుతుంది. గ్లూకోజ్ ఎటు పోయిందన్నది ఒక ప్రశ్న, ఏటీపీ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. పరీక్ష పేపర్లలో ఈ రెండూ కలిపేసి రాసినవి లెక్కలేనన్ని దిద్దాను.

మరి తన దగ్గర మైటోకాండ్రియా ఉండగా ఈ కండరానికి ఈ దుబారా ఎందుకు? రిచర్డ్ పాల్ బృందం 1979లో పంది గుండె ధమనుల మీద చేసిన ప్రయోగం దీనికి మంచి జవాబు ఇచ్చింది. కండరం బిగువు పెరిగితే ఆక్సిజన్ వాడకం దాంతో పాటు పెరిగింది. లాక్టేట్ మాత్రం పొరలోని సోడియం-పొటాషియం పంపుతో కలిసి నడిచింది. ఆ పంపును ఆపేస్తే బిగువు పెరిగింది, ఆక్సిజన్ వాడకం పెరిగింది, లాక్టేట్ తగ్గింది. ఒకే కణంలో రెండు ఖాతాలు ఉన్నట్టు లెక్క. యాక్టిన్, మయోసిన్ ఖర్చు మైటోకాండ్రియా ఖాతాలో, పొర మీది పంపుల ఖర్చు గ్లైకాలిసిస్ ఖాతాలో. 1983లో లించ్, పాల్ ఇంకో అడుగు వేశారు. బయటి నుంచి వచ్చిన గ్లూకోజ్ లాక్టేట్ అవుతుంటే, కణంలో దాచుకున్న గ్లైకోజెన్ నుంచి వచ్చిన గ్లూకోజ్ ఎక్కువగా మైటోకాండ్రియా వైపు వెళ్ళింది. రెండూ గ్లైకాలిసిస్ మెట్ల మీదుగానే దిగుతాయి, అయినా కలవవు. గ్లైకాలిసిస్ ఎంజైమ్‌లు కణద్రవంలో ఊరికే తేలుతూ ఉంటాయని మనం బడిలో చదువుకున్న బొమ్మకి ఇది కుదరదు. అవి పొర దగ్గర గుంపుగా ఉండి, అక్కడి పంపులకి అక్కడికక్కడే ఏటీపీ అందిస్తాయన్న ఆలోచన ఇందులోంచే బలపడింది.

పొర దగ్గరి ఖర్చును చిన్నదిగా చూడకండి. సోడియం-పొటాషియం పంపు ప్రతి ఏటీపీకి మూడు సోడియం బయటికి తోసి రెండు పొటాషియం లోపలికి తెస్తుంది. లోపలికి వచ్చిన కాల్షియాన్ని బయటికి, నిల్వలోకి తోడే పంపులు వేరే ఉన్నాయి. సన్నని పొడవాటి కణం కావడంతో లోపలి పరిమాణంతో పోలిస్తే పొర వైశాల్యం చాలా ఎక్కువ. బిగువు చవకగా దొరికే ఈ కణంలో ఇంటి నిర్వహణ ఖర్చే బరువుగా ఉంటుంది.

అత్యవసర నిల్వ కూడా దీనికి తక్కువ. చేతి కండరంలో ఏటీపీని వెంటనే తిరిగి నింపే ఫాస్ఫోక్రియేటిన్ బాగా ఉంటుంది, ఒక్కసారిగా పరుగెత్తాలంటే అది కావాలి. ఇక్కడ ఆ నిల్వ చిన్నది. ఖర్చు నిలకడగా, తక్కువగా ఉండేచోట పెద్ద నిల్వ పెట్టుకోవలసిన పని లేదు.

ఆక్సిజన్ తగ్గితే? శరీరంలో చాలా చోట్ల ధమనికలు వదులవుతాయి. చుట్టూ ఉన్న కణజాలం నుంచి అడినోసిన్, పొటాషియం, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాయి. ఏటీపీ తగ్గితే తెరుచుకునే పొటాషియం చానెళ్ళు కూడా ఉన్నాయి. పొటాషియం బయటికి పోతే పొర వోల్టేజ్ ఇంకా రుణాత్మకమవుతుంది, కాల్షియం చానెళ్ళు మూసుకుంటాయి, నాళం వెడల్పవుతుంది. ఊపిరితిత్తుల్లో మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకం. గాలి సరిగా అందని భాగంలో నాళాలు బిగుసుకుంటాయి. వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ దీన్ని 1946లో పిల్లుల్లో చూపించారు. గాలి లేని చోటికి రక్తం పంపి లాభం లేదు కాబట్టి అది తెలివైన ఏర్పాటే.

ఇక వదలడం. కాల్షియం తగ్గితే కైనేజ్ ఆగిపోతుంది, ఫాస్ఫటేజ్ తన పని చేసుకుపోతుంది, బిగువు దిగుతుంది. సడలడానికి కూడా ఏటీపీ కావాలని మర్చిపోకండి. కాల్షియాన్ని తోడాలి, యాక్టిన్ నుంచి మయోసిన్ తలను విడదీయాలి.

వదులు చేసే పద్ధతుల్లో అందరికీ తెలిసింది నైట్రిక్ ఆక్సైడ్. దీనితో నాకో చేదు జ్ఞాపకం ఉంది. పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో మూడు వారాల పాటు నా ఉంగరాలు, మామూలుగా నాళాన్ని సడలించే ఎసిటైల్‌కోలీన్‌కి వదులు కాలేదు. పక్క బల్ల మీద వాళ్ళవి చక్కగా సడలుతున్నాయి. మందు పాడైందనుకుని కొత్త సీసా తెరిచాను, ద్రావణం మళ్ళీ కలిపాను, నిద్ర పట్టని టెన్షన్. చివరికి ఒక సీనియర్ నేను తీగ దూర్చే తీరు చూసి నవ్వేశారు. ఉంగరం లోపలి గోడను తీగతో రాసేస్తున్నానట. ఆ రాపిడికి ఎండోథీలియం, అంటే నాళం లోపలి గోడకి ఉండే ఒకే ఒక్క కణం మందం ఉన్న పొర, ఊడిపోతోంది. నా కండరం బాగానే ఉంది, దానికి సడలమని చెప్పేవాళ్ళే లేరు. సోడియం నైట్రోప్రసైడ్ వేస్తే అవే ఉంగరాలు ఠక్కున సడలాయి, ఎందుకంటే అది నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా అందిస్తుంది.

ఈ విషయం కనిపెట్టిన శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కూడా ఇలాంటి తేడా దగ్గరే మొదలుపెట్టారని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. ఎసిటైల్‌కోలీన్‌కి సడలాలంటే ఎండోథీలియం ఉండాలని ఆయన, జావాడ్‌స్కీ 1980లో ప్రకటించారు. ఆ పొర వదిలే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని ఆ దశాబ్దం ముగిసేలోపు తేలింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. ఆయనకి నోబెల్, నాకు మూడు వారాల జీతం దండగ అని తిట్లు.

నైట్రిక్ ఆక్సైడ్ కండర కణంలోకి దూరి గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను లేపుతుంది, దాంతో సీజీఎంపీ అనే కబురు మోసే అణువు పెరుగుతుంది, అది ప్రోటీన్ కైనేజ్-జి అనే ఇంకో ఎంజైమ్‌ను లేపుతుంది. అక్కడి నుంచి కాల్షియం తగ్గించడం, ఫాస్ఫటేజ్‌ను హుషారు చేయడం రెండూ జరుగుతాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ ఈ దారిలోనే పనిచేస్తుంది. సీజీఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌ను సిల్డెనాఫిల్ ఆపుతుంది. ఈ రెండు మందులూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, అందుకే కలిపి వాడకూడదంటారు. ఒకటి కుళాయి తిప్పుతుంది, ఇంకొకటి తూము మూసేస్తుంది.

ఫాస్ఫటేజ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కాల్షియమే సర్వస్వం అన్న అభిప్రాయం ఇక్కడే చెదురుతుంది. బిగువు కైనేజ్‌కీ ఫాస్ఫటేజ్‌కీ మధ్య లాగుడు. కైనేజ్‌ను ముట్టుకోకుండా ఫాస్ఫటేజ్ చేతులు కట్టేసినా బిగువు పెరుగుతుంది, కాల్షియం ఒక్క అణువు పెరగక్కర్లేదు. నార్‌ఎడ్రినలిన్, ఎండోథెలిన్, యాంజియోటెన్సిన్ లాంటివి కాల్షియాన్ని పెంచుతూనే రో-కైనేజ్ అనే వేరే ఎంజైమ్ ద్వారా ఈ పని కూడా చేస్తాయి. ఉంగరాన్ని పొటాషియం ద్రావణంతో బిగించి, ఎల్-టైప్ చానెళ్ళను అడ్డుకునే నిఫెడిపిన్ వేస్తే దాదాపు పూర్తిగా సడలుతుంది. ఫినైల్‌ఎఫ్రిన్‌తో బిగించి అదే నిఫెడిపిన్ వేస్తే కొంతే సడలుతుంది. మిగిలిన బిగువులో కొంత నిల్వ కాల్షియానిది, కొంత ఇలా ఫాస్ఫటేజ్‌ను అణచడం వల్ల వచ్చింది. మెదడు చుట్టూ రక్తస్రావం అయ్యాక వచ్చే నాళాల బిగింపుకి జపాన్‌లో 1995 నుంచి వాడుతున్న ఫాసుడిల్ ఈ రో-కైనేజ్‌నే ఆపుతుంది.

కాల్షియం ఎప్పుడూ బిగించేదే అని కూడా అనకూడదు. 1995లో మార్క్ నెల్సన్ బృందం చూపించినదాని ప్రకారం, నిల్వలోంచి పొర పక్కనే చిన్న చిన్న నిప్పురవ్వల్లా కాల్షియం చిమ్మినప్పుడు అక్కడి పొటాషియం చానెళ్ళు తెరుచుకుని కండరం సడలుతుంది. కణమంతా నిండితే బిగువు, పొర మూల ఒక రవ్వ పడితే సడలింపు. ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ లెక్కే.

ఇప్పుడు నాన్నగారి అమ్లోడిపిన్. ఇది ఎల్-టైప్ చానెళ్ళను అడ్డుకుంటుంది. కాళ్ళూ చేతుల కండరాల్లోనూ అదే కుటుంబానికి చెందిన చానెల్ ఉంది, కానీ అక్కడ దాని పని కాల్షియాన్ని లోపలికి రానివ్వడం కాదు. వోల్టేజ్ మారిందని పసిగట్టి, పక్కనే ఆనుకుని ఉన్న నిల్వ ద్వారాన్ని నేరుగా తెరుస్తుంది. ఆ కండరానికి ప్రతి సంకోచానికీ కావలసిన కాల్షియం లోపలి నుంచే వస్తుంది. అందుకే మందు వేసుకున్నా ఆయన నడకలో, పట్టులో బలం తగ్గదు. గుండెకి మాత్రం బయటి కాల్షియం కావాలి. అయితే అమ్లోడిపిన్ లాంటి మందులు పొర వోల్టేజ్ తక్కువ రుణాత్మకంగా ఉన్న కణాల చానెళ్ళకే బాగా అతుక్కుంటాయి. రక్తనాళాల కండరం సుమారు మైనస్ 40 నుంచి మైనస్ 60 మిల్లీవోల్టుల మధ్య ఉంటుంది, గుండె కండరం కొట్టుకునే మధ్య విరామంలో మైనస్ 90 దగ్గరికి పోతుంది. ఆ తేడా వల్ల మామూలు మోతాదులో దెబ్బ ఎక్కువగా నాళాల మీదే. అదే చానెళ్ళను అడ్డుకునే ఇంకో మందు వెరపమిల్‌ది వేరే దారి, అది గుండె మీద కూడా గట్టిగా పనిచేస్తుంది.

ఈ మందుతో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. కిడ్నీ పాడైందేమోనని కంగారు పడతారు. ధమనికలు వెడల్పయినంతగా సిరలు కావు, అందువల్ల మధ్యలో ఉన్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. నాన్నగారికి వాపు కనిపిస్తే మందు తనంతట తాను మానకుండా డాక్టరుకి చెప్పమనండి. మోతాదు తగ్గించడమో, ఇంకో మందు జతచేయడమో వాళ్ళు చూసుకుంటారు.

మిగిలింది వ్యాయామం. డంబెల్‌తో బైసెప్స్ పెరిగినట్టు ధమనికల కండరం పెరగదు, పెరగాలని కోరుకోకండి కూడా. ఈ కండరం మందమయ్యేది చాలాసార్లు బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు. నాళాన్ని సాగదీస్తే అది ఎదురు బిగుసుకుంటుందని బేలిస్ అనే శాస్త్రవేత్త 1902లోనే రాశారు. ఆ ఒత్తిడి తగ్గకుండా ఉంటే గోడ మందమై సందు ఇరుకవుతుంది, అప్పుడు అదే కొంచెం బిగువుకి నిరోధం ఇంకా ఎక్కువ పెరుగుతుంది. నాలుగో ఘాతం గుర్తుందిగా. గోడ దెబ్బతిన్నచోట ఈ కణాలు బిగిసే పని తగ్గించి, విభజన చెందుతూ, కొలాజెన్ పోగులు తయారుచేసే రూపానికి మారిపోగలవు కూడా. ధమనుల్లో పూడికలు పెరిగే కథలో అదొక ముఖ్యమైన భాగం, దాని గురించి విడిగా అడిగితే రాస్తాను.

నడక, పరుగు చేసే మేలు ఎక్కువగా ఎండోథీలియం ద్వారా వస్తుంది. రక్తం వేగంగా పారుతూ ఆ పొరను ఒరుసుకుంటే అది నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ చేస్తుంది. క్రమం తప్పకుండా చేస్తే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ మోతాదే పెరుగుతుంది. కండరం అదే, దానికి సడలమని చెప్పే పొర మాత్రం చురుగ్గా ఉంటుంది. నా మూడు వారాల ఉంగరాల్లో ఊడిపోయింది ఆ పొరే.